నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల పిల్ల

మా వెలిగొండపాడు హైస్కూల్లో కంప్యూటరు లేదు. అందుకని కంప్యూటరు పాఠం చెప్పే బాధ్యత డ్రిల్లు మాస్టారికి అప్పగించారు. ఇందులో తర్కం లేకపోలేదు. "కంప్యూటర్లు లేని పాఠశాలలు విద్యార్థులనే వరసగా నిలబెట్టి ఇట్టి పాఠమును బోధించవలెను" అని జిల్లా ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. పిల్లల్ని వరసగా నిలబెట్టడం చేతనైన మనిషి మా బడి మొత్తానికి దారా సాల్మన్ మాస్టారు ఒక్కడే.

నేను ఆ బడిలో హిందీ పండితుణ్ణి. దస్తూరీ బాగుంటుందన్న నేరానికి వచ్చిన ఉత్తర్వులు చదివి వినిపించడం, అడిగిన ప్రొఫార్మాలు నింపడం నా నెత్తిన పడ్డాయి. ఈ పథకం పేరు 'సమర్థ శోధన'. అంకెల వరసలో మనకు కావలసిన అంకెను తక్కువ శ్రమతో ఎలా వెతకాలో పిల్లలకు నేర్పడం దీని ఆశయం. అలాంటి వరసను కంప్యూటరు వాళ్ళు 'అర్రే' అంటారట. హిందీలో ఆ మాట ఆశ్చర్యం కలిగినప్పుడో ఎవరినైనా గదమాయించేటప్పుడో వాడతారని స్టాఫ్ మీటింగులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

సాల్మన్ మాస్టారు నాకంటే ఆరేళ్ళు చిన్న. ఒంగోలులో రెండు రోజులు శిక్షణ పొంది వచ్చి, స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం లేదు పండిట్ గారూ. మొదట్నించీ ఒక్కొక్కదాన్నే చూసుకుంటా పోతే లేటు. అదే చిన్న నుంచి పెద్దకి పేర్చి ఉండాదనుకోండి, నడిమజ్జన ఒకదాన్ని చూస్తాం. మనకి కావాల్సింది దానికంటే చిన్నదైతే పెద్దవాటి సగం వదిలేస్తాం. పెద్దదైతే చిన్నవాటి సగం వదిలేస్తాం. మిగిలిందాంట్లో మళ్ళా నడిమజ్జన. అట్టా నాలుగైదు చూపుల్లో దొరికిపోద్ది. బాగుండాది. నాకు నచ్చింది."

"పేర్చి లేకపోతే?"

"నేనూ అదే అడిగా. అప్పుడు ఒక్కొక్కటే చూడాల్సిందే సార్, ఇంకో దారి లేదు అనింది పాఠం చెప్పిన అమ్మాయి. తెలివైన పిల్ల. కాకపోతే ఆమె ఆ మాట చెప్పేసరికి పెద్దసార్లంతా భోజనాలకి లేచారు."

మొదటి వారం నిజంగానే బాగుంది. మాస్టారు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టేవాడు. ఒక ఎత్తు చెప్పి, ఆ ఎత్తున్నవాణ్ణి ఎన్ని చూపుల్లో పట్టుకుంటారో చూద్దాం అనేవాడు. పిల్లలు కేకలు పెడుతూ సగం వరసను కూర్చోబెట్టేవాళ్ళు, మిగిలిన దాంట్లో సగాన్ని మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు. లెక్కల్లో ఎప్పుడూ సున్నా తెచ్చుకునే పిల్లలు కూడా, వందమందిలో ఒకణ్ణి పట్టడానికి ఏడు చూపులు చాలని కనిపెట్టారు. కిటికీలోంచి చూస్తూ నేను రెండు పీరియడ్లు హిందీ చెప్పడం మానేశాను.

రెండో వారం రెండో ఉత్తర్వు వచ్చింది. జిల్లా నోడల్ అధికారి పుండరీకాక్షం గారి సంతకంతో.

"ఒక్కొక్కటిగా వెతుకుట కాలహరణముగా పరిగణింపబడును. ఇకపై పాఠశాల ఆవరణలో ఏ వస్తువునైనను, ఏ వ్యక్తినైనను మధ్య నుండి మాత్రమే వెతకవలెను. ప్రతి వెతుకులాటకు ఎన్ని పోలికలు పట్టినదీ అనుబంధం మూడులో నమోదు చేయవలెను." ఒక్కో చూపును ఒక్కో పోలికగా లెక్కించాలని కింద వివరణ కూడా ఇచ్చారు.

మొదటి దెబ్బ సైన్సు బీరువాకు తగిలింది. మా హెడ్మిస్ట్రెస్ కాత్యాయని మేడం దగ్గర పదిహేడు తాళంచెవుల గుత్తి ఉంది. ఉత్తర్వు ప్రకారం ఆవిడ మధ్య తాళంచెవి పెట్టి చూశారు. పట్టలేదు. ఇప్పుడు ఏ సగం వదిలేయాలో తెలియలేదు. తాళంచెవుల్లో చిన్నా పెద్దా ఏం చెప్పగలం? మేడం కాసేపు ఆలోచించి కుడివైపు ఎనిమిదీ వదిలేశారు. మిగిలిన వాటిలోనూ అలాగే చేసి, నాలుగో పోలికకు ఈ బీరువాకు తాళంచెవి లేదని తేల్చారు. సుత్తి తెప్పించి తాళం పగలగొట్టించారు. 'పోలికలు: నాలుగు. ఫలితం: లేదు' అని నేను రాశాను. జిల్లా నుంచి అభినందన వచ్చింది.

తర్వాత హాజరు. పేర్లు పిలవడమంటే ఒక్కొక్కటిగా వెతకడమే కనుక నిషిద్ధం. తరగతిని ఎత్తు ప్రకారం నిలబెట్టి, మధ్యలో ఉండాల్సిన పిల్లవాడు మధ్యలో ఉన్నాడో లేదో చూస్తే చాలు. ఉంటే అందరూ వచ్చినట్టే. ఈ సంగతి పిల్లలకు మూడు రోజుల్లో అర్థమైంది. ఎనిమిదో తరగతికి మధ్యవాడు చెన్నకేశవులు. వాడికి ఒకరోజు నూట రెండు జ్వరం వస్తే, తోటిపిల్లలు దుప్పటి కప్పి సైకిలు మీద కూర్చోబెట్టి తెచ్చి, వాణ్ణి మధ్యలో నిలబెట్టి, హాజరు కాగానే వాళ్ళు చెరువుకు ఈతకు పోయారు. ఆ నెల మా బడి హాజరు నూటికి నూరు.

సాల్మన్ మాస్టారికి ఇది మింగుడుపడలేదు.

"ఇది ఆటకి బాగుండాది మేడం. హాజరుకి పనికిరాదు. రాని పిల్లోడు ఎవుడో తెలిసేదెట్టా?"

"రాని పిల్లవాడు ఉన్నాడని తెలిస్తే కదా మాస్టారూ వాణ్ణి వెతకాల్సిన అవసరం?" అన్నారు మేడం. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది, అంతే.

నూరు శాతం హాజరు చూసి ముచ్చటపడ్డ పుండరీకాక్షం గారు స్వయంగా పరిశీలనకు వస్తున్నానని కబురు పంపారు. బడి మొత్తాన్ని ఒకే వరసగా నిలబెట్టాలట. పిల్లల ఎత్తుల జాబితా ముందుగా తెప్పించుకున్నారు. మర్నాడు ఫోన్ చేశారు. మేడం భయపడి స్పీకరు పెట్టారు.

"మేడం, మీ అర్రేలో డూప్లికేట్లు గలవు. రెండు వందల ముప్ఫై ఎనిమిది మంది విద్యార్థులకు గాను నలభై తొమ్మిది ఎత్తులు మాత్రమే నమోదైనవి. ఇది ఎట్లు సంభవించినది?"

"పిల్లలు కదండీ సార్... ఒకే వయసు వాళ్ళు..."

"కారణములు అడుగలేదు. ఒక్కో ఎత్తునకు ఒక్కరిని మాత్రమే ఉంచి తక్కినవారిని తొలగించవలెను. డూప్లికేట్లు ఛాయాచిత్రములో సైతం కనిపించరాదు."

పరిశీలన రోజు పొద్దున పది గంటలకు తొలగింపు మొదలైంది. నలభై తొమ్మిది మందిని ఉతికిన యూనిఫారాలతో మైదానంలో నిలబెట్టారు. నూట ఎనభై తొమ్మిది మందిని, అంటే దాదాపు బడినంతా, వెనక గదుల్లో కూర్చోబెట్టి తలుపులు దగ్గరగా వేశారు. నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలు ఏడుగురు. అందులో కీర్తన అనే పిల్లకు కొత్త రిబ్బన్లున్నాయని మేడం ఆమెను ఉంచారు. మిగతా ఆరుగురిలో ఆరో తరగతి గౌసియా ఒకతె.

"మేడం, నేనెందుకు వద్దు?" అని అడిగింది గౌసియా.

"నువ్వు డూప్లికేట్ అమ్మా. లోపల కూర్చో" అన్నారు మేడం, జాబితాలో టిక్కు పెట్టుకుంటూ.

గౌసియా తల్లి బీబీజాన్ బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంది. ఆ పిల్లకు ఫిట్స్ జబ్బు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్ర పడాలి. ఆ మాత్రను బడిలో ఎవరి చేతిలోనూ పెట్టడానికి నమ్మకం చాలక, తల్లే మిషను ఆపి వచ్చి, నోట్లో వేసి, నీళ్ళు తాగించి వెళ్ళేది. ఆ రోజూ అలాగే వచ్చింది. పిల్ల లేదు. వెనక గదుల్లో ఉన్నవాళ్ళను అడిగితే, ఇంటర్వెల్ బెల్లుకు బయటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదన్నారు. హాజరుపట్టీలో చూస్తే ఉన్నట్టే ఉంది.

బీబీజాన్ మైదానంలోకి పరుగెత్తుకొచ్చింది. అక్కడ షామియానా కింద పుండరీకాక్షం గారు, ఆయన వెంట వచ్చిన ఫొటోగ్రాఫరు, మేడం, నేను ఉన్నాం.

"సార్, నా బిడ్డ కనపడటం లేదు. మాత్ర ఏసుకునే టైము దాటిపోతా ఉండాది."

మేడం ముఖం పాలిపోయింది. పుండరీకాక్షం గారి ముఖం మాత్రం వెలిగింది. అప్పటిదాకా ఆయన చెప్పిన అంకెలను పిల్లలు పట్టి చూపించారు, అది కొంచెం చప్పగా సాగింది.

"అమ్మా, ఆందోళన చెందవలదు. ఇది మంచి అవకాశము. పండిట్ గారూ, తప్పిపోయిన బాలిక ఎత్తు ఎంత?"

జాబితా చూసి, నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్లన్నాను.

"మాస్టారూ, ప్రారంభించండి."

సాల్మన్ మాస్టారు కదల్లేదు. "సార్, ఆ పిల్ల ఈ వరసలో లేదు. పొద్దునే తీసేశాం."

"మీకు ఆదేశము ఇవ్వబడినది మాస్టారూ. ఊహాగానాలు వద్దు." అని ఆయనే లేచి వరస దగ్గరకు వెళ్ళారు. నడుమ ఉన్నవాడి ఎత్తు నూట నలభై ఆరు. "ఎక్కువ!" పొడుగు పిల్లలందరూ కూర్చున్నారు. మిగిలినవాళ్ళలో నడుమవాడు నూట ముప్ఫై మూడు. మళ్ళీ పొడుగువాళ్ళు కూర్చున్నారు. తర్వాత నూట ఇరవై ఏడు, తక్కువ. నూట ముప్ఫై, ఎక్కువ. అయిదో పోలికకు ఆయన వేలు కొత్త రిబ్బన్ల మీద ఆగింది.

"నూట ఇరవై ఎనిమిది! లభించినది!"

చప్పట్లు మొదలయ్యాయి. ఫొటోగ్రాఫరు బీబీజాన్ భుజం పట్టుకుని కీర్తన పక్కన నిలబెట్టి, "అమ్మా, కొంచెం నవ్వాలి" అన్నాడు. ఆమెకు ఏం జరుగుతుందో అర్థమయ్యేలోగా రెండు ఫొటోలు తీశాడు.

"ఇది నా బిడ్డ కాదు సార్!"

"అమ్మా, ఎత్తు సరిపోయినది కదా?"

"ఎత్తు ఒకటైతే జాకెట్టే సరిపోదు సార్, నా మిషను కాడికి రోజూ పదిమంది వస్తారు. బిడ్డ ఎట్టా సరిపోద్ది?"

పుండరీకాక్షం గారు ఓపికగా చిరునవ్వు నవ్వారు. "చూడమ్మా. ఈ అర్రేలో నూట ఇరవై ఎనిమిది ఒక్కటే కలదు. ఈమె మీ పాప కానిచో, మీ పాప ఈ అర్రేలో లేనట్లు. అర్రే అనగా పాఠశాల. పాఠశాలలో లేని బాలిక తప్పిపోవుట అనునది సాంకేతికముగా అసాధ్యము."

మేడం ఊపిరి పీల్చుకున్నారు. పాపం, నేను గమనించాను.

బీబీజాన్ చేతిలో మాత్ర ఉన్న కాగితం పొట్లం నలిగిపోతోంది. ఆమె ఏడ్చి ఉంటే ఎవరో ఒకరు ఓదార్చేవాళ్ళు. ఏడవకుండా మా అందరి ముఖాలు వరసగా చూసుకుంటూ వచ్చింది. నా దగ్గరకు వచ్చేసరికి నేను అనుబంధం మూడులోకి తల దించుకున్నాను.

"పదమ్మా" అన్నాడు సాల్మన్ మాస్టారు. "ఎతుకుదాం."

"ఏ పద్ధతిన?" అని అడిగారు పుండరీకాక్షం గారు.

"ఒక్కొక్క చోటే చూస్తా సార్."

"అది నిషేధమని తెలుసునా?"

"తెలుసు సార్."

"పండిట్ గారూ, మీరు వెంట వెళ్ళండి. ఎన్ని పోలికలు పట్టునో లెక్కించండి. రేపు సాక్ష్యము కావలెను."

అలా నేను ఆ వెతుకులాటలో అధికారికంగా పాల్గొన్నాను. ఒకటో గది. రెండో గది. బల్లల కింద కూడా వంగి చూశాడు మాస్టారు. పది గదులు, సైన్సు రూము, తాళంలేని బీరువా వెనక, వంటషెడ్డు, నీళ్ళట్యాంకు. నీళ్ళట్యాంకు మూత తీసేటప్పుడు బీబీజాన్ ముఖం పక్కకు తిప్పుకుంది. అందులో లేదు. మరుగుదొడ్లు, సైకిళ్ళ స్టాండు, గోడవతల కంపచెట్లు. ఇరవై రెండు. నేను రాస్తున్నాను.

తర్వాత బజారు. గాజుల కొట్టు, సోడా బండి, మసీదు వరండా, వాళ్ళ ఇల్లు, పక్కిల్లు, పిన్నమ్మ ఇల్లు, బస్టాండు. ఎండ మాడుస్తోంది. టైము రెండు దాటింది. నాకు కాళ్ళు పీకుతున్నాయి.

"మాస్టారూ, కాస్త ఆలోచించి, ఉండే వీలున్న చోట ముందు చూస్తే?" అన్నాను.

"యాడ ఉండే వీలుందో మీకు తెలుసా పండిట్ గారూ?"

"తెలియదు."

"నాకూ తెలీదు. తెలీనప్పుడు ఒక్కటి కూడా ఒదలకూడదు."

నలభై మూడో చోటు ప్రాథమిక పాఠశాల. రెండు వీధుల అవతల. అయిదో తరగతి గది గుమ్మంలో నిలబడి మాస్టారు ఒక్కో వరస చూసుకుంటూ పోయాడు. ఆఖరి వరసలో, గోడవైపున, పోయినేడు తను కూర్చున్న చోటే కూర్చుని గౌసియా ఎక్కాలు రాసుకుంటోంది. హైస్కూలుకు ఇనస్పెక్షను కాబట్టి వదిలేశారేమో అనుకున్నానండి, అంది పంతులమ్మ.

"ఏందమ్మా, ఈడికొచ్చావు?" అన్నాడు మాస్టారు.

"ఆడ నేను డూప్లికేటంట సార్. ఒరిజినల్ కీర్తన ఉండాదిగా." పుస్తకం మూస్తూ, "ఈ టీచరు నన్ను పేరు పెట్టి పిలుస్తది" అంది.

లేచి నిలబడబోతుంటే ఆ పిల్ల ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. పెన్సిలు జారిపోయింది. మాస్టారు గబుక్కున పట్టుకుని కింద పడుకోబెట్టి, ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద తన అరచెయ్యి పెట్టాడు. పిల్లలందరూ గోడకు అంటుకుపోయారు. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ బీబీజాన్ కూతురి చెవి దగ్గర నోరు పెట్టి పేరు పిలుస్తూనే ఉంది. వణుకు ఆగాక, పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగాక, మాత్ర వేసింది. అప్పుడు ఏడ్చింది.

"ఇంకో అరగంట అయ్యుంటే..." అన్నాడు మాస్టారు నాతో, బయటికొచ్చాక.

మేము బడికి తిరిగొచ్చేసరికి పుండరీకాక్షం గారు భోజనం ముగించి బయల్దేరారు. కారు అద్దం దించి అడిగారు: "ఎన్ని?"

"నలభై మూడు సార్."

"అయిదెక్కడ, నలభై మూడెక్కడ!" అని బాధగా తల ఊపి వెళ్ళిపోయారు.

ఆ నెల జిల్లా విద్యా పత్రికలో 'తప్పిపోయిన బాలిక అయిదు పోలికలలో లభ్యం' అనే శీర్షికతో ఫొటో పడింది. అందులో కీర్తన నవ్వుతోంది. పక్కన బీబీజాన్ ఎటో చూస్తోంది. మా బడికి 'ఉత్తమ శోధనా పాఠశాల' ప్రశంసాపత్రం వచ్చింది. అదే కవరులో సాల్మన్ మాస్టారికి మెమో వచ్చింది: "అయిదు పోలికలలో అదివరకే లభించిన విద్యార్థిని కొరకు నలభై మూడు పోలికలు వెచ్చించి, నిషిద్ధ పద్ధతిని అవలంబించినందులకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను."

రెండు పేజీల సంజాయిషీ నేను రాసిపెట్టాను. వరస పేర్చి లేనప్పుడు, వెతికే ఎత్తు ఏడుగురికి ఉన్నప్పుడు ఏమవుతుందో ఉదాహరణలతో సహా. మాస్టారు అది చదివి, మడిచి నాకే ఇచ్చేశాడు. ఒక తెల్లకాగితం తీసుకుని ఒకటే వాక్యం రాశాడు: 'పిల్ల నలభై మూడో చోట ఉన్నది.' కింద సంతకం పెట్టాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. స్టాఫ్ రూములో నేనే చదివి వినిపించాను.

"తమ సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. బాలిక నలభై మూడవ చోట ఉన్నదని తామే అంగీకరించియున్నారు. అట్టి యెడల మొట్టమొదటనే నలభై మూడవ చోట చూచియున్నచో ఒక్క పోలికతో కార్యము ముగిసెడిది. తమ అసమర్థత రుజువైనందున ఒక ఇంక్రిమెంటు నిలుపుదల చేయడమైనది."

కాత్యాయని మేడం ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

"అదీ నిజమే కదండీ పండిట్ గారూ" అన్నారు.

సాల్మన్ మాస్టారు కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. ప్రార్థన బెల్లు కొట్టే వేళయింది. పిల్లలు ఎత్తుల ప్రకారం నిలబడుతున్నారు. ఆయన బీరువాలోంచి పాత హాజరుపట్టీలు అయిదూ తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎవరి ఎత్తులో వాళ్ళు నిలబడక్కర్లేదు, ఎవరి స్నేహితుల పక్కన వాళ్ళు నిలబడండి అని చెప్పాడు. తర్వాత ఆరో తరగతి పట్టీ తెరిచి, ఒకటో నంబరు నుంచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

మేడం వరండాలోకి వచ్చి, గడియారం చూసుకుని, లోపలికి వెళ్ళిపోయారు.

రెండు వందల ముప్ఫై ఎనిమిది పేర్లు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పలకనివాళ్ళు పదకొండుమంది. వాళ్ళ పేర్లు జేబులో పెట్టుకుని మాస్టారు సైకిలెక్కాడు.